ఎగిరే పళ్ళాలూ, టెలివిజన్ పంచనామాలూ

ఎగిరే పళ్ళాలనే మాట పుట్టి ఎనభై ఏళ్ళు కావస్తున్నది. 1947 జూన్ 24వ తేదీన కెన్నెత్ ఆర్నాల్డ్ అనే అమెరికా వ్యాపారి సొంత విమానంలో పోతూ, రెయినియర్ పర్వతం దగ్గర తళతళ మెరిసే తొమ్మిది వస్తువులను చూశానన్నాడు. నీళ్ళమీద పళ్ళెం విసిరితే ఎట్లా గెంతుకుంటూ పోతుందో అవి అట్లా పోయాయని వర్ణించాడు. పళ్ళెంలా పోయాయన్నాడే గాని, పళ్ళెంలా ఉన్నాయనలేదు. పత్రికలవారు ఆ నడకను తీసుకువెళ్ళి ఆకారానికి అంటగట్టారు. అది మొదలు ప్రపంచంలో ఎవరికి ఏది కనిపించినా పళ్ళెం ఆకారంలోనే కనిపించసాగింది. చూసినవాడు చెప్పేది ఒకటి, దానిని మనకు వడ్డించేవాడు చేసేది మరొకటి.

ఇప్పుడా వడ్డన టెలివిజన్ చేతికి వచ్చింది. రాత్రి భోజనాల వేళ మీ ఇంట్లోనూ వచ్చే ఉంటుంది. చీకటి పొలం, చేతిలో ఏదో మీటరు పట్టుకుని నడిచే మనుషులు, గుండెలు దడదడలాడించే వాద్యం. "ముల్లు లేచింది!" అంటారు. ఎందుకు లేచిందో తేలేలోగా సబ్బు ప్రకటన వస్తుంది. అది కాగానే ఒక మనిషి చొక్కా పైకెత్తి మచ్చ చూపిస్తాడు. "ఆ వెలుగు నామీద పడింది" అంటాడు. అప్పటిదాకా వినీ విననట్లున్న మా ఆవిడ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపుతుంది. వెలుగును చూసి ఆమె నమ్మదు, మచ్చను చూసి నమ్ముతుంది.

"అబద్ధమాడేవాడికి ఒంటిమీద అంత మచ్చ ఎట్లా వస్తుందండీ?" అని అడుగుతుంది.

చాలా మంచి ప్రశ్న. నెల్లూరు తీరాన ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఏళ్ళు సామాన్యశాస్త్రం చెప్పి ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి గనుక, దీనికి జవాబు చెప్పవలసిన బాధ్యత నాకుందని అనుకుంటున్నాను. నా మటుకు నేను చూసేది ఇది: వెలుగు ఒక ఫిర్యాదు, మచ్చ మరొక ఫిర్యాదు. టెలివిజన్‌వారు రెండింటికీ ముడివేసి ఒకే కేసుగా చూపిస్తారు. మనం విప్పి చూడవలసింది ఆ ముడిని.

వెలుగు సంగతి మన ప్రాంతంవారికి కొంత సులువు. ఎందుకంటే, పరదేశాలవారి ఎగిరే పళ్ళాలు కొన్ని తయారై వెళ్ళేది మన తీరం నుంచే! శ్రీహరికోటలో మొదటి రాకెట్టు 1971 అక్టోబరు 9న లేచింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి ఆ దీవి తిరుపతి జిల్లాలోకి పోయినా, రాకెట్టు వెలుగు మాత్రం జిల్లా సరిహద్దు చూసుకోదు. మైపాడు ఇసుకలో నిలబడి దక్షిణానికి తిరిగితే చాలు, ఎనభై తొంభై కిలోమీటర్ల దూరాన లేచే నిప్పుకణిక కనిపిస్తుంది.

ఇక పరదేశం కథ వినండి. 2019 జూలై 22 రాత్రి, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రాన జూలియా క్రీక్ అనే చిన్న ఊళ్ళో, యాత్రికులు బస చేసే ఆవరణలో జనం భోజనాలు చేస్తుండగా, ఆకాశంలో ఒక వింత వెలుగు సాగిపోయింది. విమానం కాదు, ఉల్క కాదు. మరేమిటి? ఫోటోలు, ఊహలు, వాదనలు. అప్పుడు టైము సాయంత్రం ఏడున్నర ప్రాంతం.

ఈ లెక్క ఎనిమిదో తరగతి పిల్లవాడు చెయ్యగలడు. ఆ రోజు మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు చంద్రయాన్–2 శ్రీహరికోటలో లేచింది. క్వీన్స్‌లాండ్ గడియారం మనకంటే నాలుగున్నర గంటలు ముందు. అంటే అక్కడ 7 గంటల 13 నిమిషాలు. నౌకను కక్ష్యలో వదలడానికి రాకెట్టుకు పట్టిన వ్యవధి సుమారు 16 నిమిషాలు. కలిపితే 7 గంటల 29 నిమిషాలు! సుమారు 7,700 కిలోమీటర్ల అవతల నుంచి మన రాకెట్టు వాళ్ళ నెత్తిమీదకు చేరవలసిన వేళ సరిగ్గా అది. అక్కడి ఖగోళశాస్త్రజ్ఞులు ఇదే సంగతి చెప్పారు. ఇక్కడ మనం చప్పట్లు కొట్టి టీవీ కట్టేసిన వేళకు అక్కడివారు ముక్కున వేలేసుకున్నారన్నమాట.

ఇంకొకటి కూడా ఉంది. 2023 జూలైలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గ్రీన్ హెడ్ అనే ఊరి సముద్రపుటొడ్డుకు గంగాళమంత లోహపు పాత్ర, ఒంటినిండా నత్తలు కరిచి, కొట్టుకొచ్చింది. తప్పిపోయిన మలేషియా విమానం ముక్కేమోనని కొందరన్నారు. పోలీసులు కాపలా పెట్టి ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ప్రమాదకరమైన పదార్థమేమీ లేదని పరీక్ష చేసి తేల్చిన తరువాత, ఆ దేశపు అంతరిక్ష సంస్థవారు అది మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మూడో అంచె తాలూకు శకలమై ఉండే అవకాశం ఎక్కువని ప్రకటించారు. తెలియని వస్తువు కనిపిస్తే చెయ్యవలసిన వరస అది: ముట్టుకోకుండా కాపలా, తరువాత పరీక్ష, ఆ తరువాతే మాట. మన టీవీలో ఈ వరస తలకిందులవుతుంది.

మరి రాకెట్టని తెలిసికూడా జనం ఎందుకు అదిరిపడతారంటారా? తెల్లవారుజామున లేచే రాకెట్టును చూడని వారికి చెబితే అర్థం కాదు. 2022 ఫిబ్రవరి 14న పి.ఎస్.ఎల్.వి. ఉదయం 5 గంటల 59 నిమిషాలకు లేచింది. నేలమీద మనకింకా చీకటి. కొన్ని పదుల కిలోమీటర్లు పైకి పోయేసరికి అక్కడ అప్పటికే సూర్యోదయం. పొగ మీద ఎండపడి, చీకటి ఆకాశంలో వెండి నెమలి పురి విప్పినట్లుంటుంది. అలవాటు లేని కంటికి అది దేవతా విమానమో దయ్యమో! 2022 డిసెంబరు 15 సాయంత్రం ఒడిశా తీరం నుంచి అగ్ని–5 క్షిపణిని ప్రయోగించినప్పుడు, బెంగాలువారికి కలిగిన భయాశ్చర్యాలకు కారణం కూడా ఈ వెలుగునీడల లెక్కే.

సాక్షులు అబద్ధాలాడతారని నేననను. చాలామంది ఉన్నదున్నట్లు చెబుతారు. అయితే చీకటిలో ఒంటరి వెలుగుకు దూరమెంతో చెప్పడం మనిషి కంటికి చాతకాదు. దూరం తెలియకపోతే పరిమాణం తెలియదు, వేగమూ తెలియదు. "తాటిచెట్టంత ఎత్తులో, కారంత పెద్దది, ఏమాత్రం చప్పుడు లేదు" అని సాక్షి అన్నప్పుడు, నిజంగా అతడు చూసింది వెలుగు ఒక్కటే. చప్పుడు లేదనేది గొప్ప వింతగా చెబుతారు గాని, తొంభై కిలోమీటర్ల దూరాన ఉన్నదానికి చప్పుడెక్కడిది?

తెలుగు చానెళ్ళలో ఈ ముచ్చట బాగా సాగింది 2022 డిసెంబరు 7న. హైదరాబాదు మీద పొద్దున్నే తెల్లగా గుండ్రంగా ఏదో వేలాడింది. ఎగిరే పళ్ళెమా, గ్రహమా అని గంటల కొద్దీ చర్చ. తీరా అది బెలూను. టాటా మౌలిక పరిశోధన సంస్థవారికి హైదరాబాదులో బెలూన్ల కేంద్రం ఉంది. పల్చటి ప్లాస్టిక్ పొరతో చేసిన పెద్ద బెలూన్లను అర్ధశతాబ్దంగా అక్కణ్ణుంచి పైకి పంపుతున్నారు. పరికరాలు పారాషూటుతో మీ పొలంలో దిగితే ముట్టుకోకండి, దగ్గరి పోలీసులకు చెప్పండి అని ప్రయోగాలకు ముందే ప్రకటనలిస్తుంటారు కూడా. ఆనాటి బెలూను హేలో స్పేస్ అనే స్పెయిన్ కంపెనీవారి ఖాళీ గదిని 37 కిలోమీటర్ల ఎత్తుకు మోసుకుపోయింది. ఆ గది వికారాబాద్ జిల్లా మొగిలిగుండ్ల పొలాల్లో దిగితే ఊరు ఊరంతా తిరణాలగా వెళ్ళి చూసింది. ఒక్క ఫోను చేస్తే తేలే సంగతికి చర్చ ఎందుకయ్యా అంటే, ఫోను చేస్తే చర్చ ఉండదు గదా!

అన్నీ ఇంత తేలికగా తేలవు. అమెరికా వైమానిక దళం 1969 వరకు 12,618 ఫిర్యాదులు పరిశీలించి, 701 ఏమిటో తేల్చలేకపోయామని ఒప్పుకున్నది. తేలలేదంటే సమాచారం చాలలేదని అర్థం, పరలోకపు ఓడ అని కాదు. 2024 మార్చిలో ఆ దేశపు రక్షణశాఖ పాత దస్త్రాలన్నీ తిరగేసి, గ్రహాంతరవాసుల ఓడకు ఆధారం ఎక్కడా దొరకలేదని నివేదిక ఇచ్చింది.

ఇక మా ఆవిడ ప్రశ్నకు వస్తాను. మచ్చ.

టెలివిజన్‌వారు ఎన్నిసార్లు చూపించినా అరగని కథ ఒకటుంది. 1980 డిసెంబరు 29 రాత్రి టెక్సస్ రాష్ట్రంలో బెట్టీ కాష్, విక్కీ లాండ్రమ్ అనే ఇద్దరు స్త్రీలు, ఏడేళ్ళ మనవణ్ణి వెంటబెట్టుకుని కారులో పోతున్నారు. రోడ్డుకడ్డంగా నిప్పులు కక్కే వస్తువు కనిపించిందనీ, దాని చుట్టూ 23 హెలికాప్టర్లు మూగాయనీ చెప్పారు. తరువాత వాంతులు, బొబ్బలు, జుట్టు రాలడం. బెట్టీ కాష్ ఆసుపత్రిలో చేరింది. ప్రభుత్వం మీద రెండుకోట్ల డాలర్లకు దావా వేశారు. ఆ హెలికాప్టర్లు ప్రభుత్వానివని రుజువు కాలేదని 1986లో కోర్టు కొట్టివేసింది.

ఆమె జబ్బు పడలేదని ఎవరూ అనలేదు. నిజంగానే పడింది, పాపం. అయితే, ఆ రాత్రికి ముందు ఆమె ఆరోగ్యం ఎట్లా ఉండేది? ఈ ఒక్క కాగితం చూపమని సందేహించినవారు అడిగారు. టెలివిజన్‌లో ఏనాడూ ఆ కాగితం కనిపించలేదు. మరొక సంగతి. ఒళ్ళంతా రేడియేషన్ సోకి, కొద్ది గంటల్లోనే వాంతులు, బొబ్బలు మొదలయ్యాయంటే, ఆ మోతాదుకు మనిషి వారాల మీద దక్కడం కష్టమంటుంది వైద్యశాస్త్రం. బెట్టీ కాష్ 18 ఏళ్ళు బతికి 1998లో మరణించింది. జబ్బు నిజం, కారణం మాత్రం కోర్టులోనూ తేలలేదు, ఆసుపత్రిలోనూ తేలలేదు.

2020లో అమెరికాలో మొదలైన స్కిన్‌వాకర్ రాంచ్ కార్యక్రమంలో సైతం అక్కడ పనిచేసినవారికి వాపులూ గాయాలూ కలిగాయని చెబుతారు. ఆ స్థలం యజమాని కూడా తెరమీద కనిపిస్తాడు. స్థలమూ వారిదే, సాక్షులూ వారే, పరిశోధకులూ వారి పిలుపుమీద వచ్చినవారే. ఊళ్ళో పంచనామాకైనా బయటి మనుషులను నలుగురిని పిలుస్తారు!

మచ్చల మాట మన దేశంలో ఎంత దూరం పోయిందో 2002 వేసవిలో ఉత్తరప్రదేశ్‌లో చూశాము. రాత్రిళ్ళు మెరుస్తూ ఏదో ఎగిరివచ్చి ముఖం గీరిపోతున్నదని మీర్జాపూర్ ప్రాంతంలో పుకారు లేచింది. 'ముహ్‌నోచ్వా', అంటే ముఖం గీరేది, అని దానికి పేరు. టీవీలో గీరుకుపోయిన ముఖాలు చూపించారు. కరెంటు లేని ఎండాకాలపు రాత్రుల్లో జనం ఆరుబయట పడుకోవడం మాని, తలుపులు బిగించుకుని ఉక్కిరిబిక్కిరయ్యారు. యువకులు కర్రలు పట్టుకుని గస్తీ తిరిగారు. పోలీసులు ఏమీ చెయ్యడంలేదని జనం తిరగబడితే కాల్పులదాకా పోయి ప్రాణనష్టం జరిగింది. గాయాలు చూసిన డాక్టర్లలో చాలామంది అవి పైపై గీతలనీ, భయంలో తమంతట తాము గీరుకున్నవనీ అన్నారు. పురుగు కాటని కొందరు, బంతి మెరుపని కొందరు. అంతకు ముందు ఏడు ఢిల్లీలో కోతిమనిషి గొడవ ఇటువంటిదే. వాడొచ్చాడన్న కేకకు నిద్రలో లేచి మిద్దెలమీంచి దూకి చనిపోయినవారున్నారు. వాడెవరో లేడు గాని, ఆ చావులు నిజం.

దూరపు కథలు చాలు. మా వీధి సంగతి చెబుతాను.

2022 అక్టోబరు 22 శనివారం. ఆ అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలకు 36 ఉపగ్రహాలతో ఎల్.వి.ఎం.–3 లేచింది. బరువైన రాకెట్టు, రెండు పక్కలా లావుపాటి ఘన ఇంధన బూస్టర్లు. దక్షిణపు ఆకాశం మబ్బుల వెనక ఎర్రబడింది. పక్కింటి కోడలు నాలుగు నెలల బాలింత. బిడ్డకు పాలిస్తూ కిటికీలోంచి ఆ వెలుగు చూసింది. సోమవారం, దీపావళి పొద్దున, ఆమె మెడమీద వాత పెట్టినట్లు ఎర్రటి చార. మధ్యాహ్నానికి నీటిపొక్కులు.

వీధిలో కుర్రవాడొకడు ఫోనులో ఫోటో తీసి ఒక చానెల్ విలేకరికి పంపాడు. విలేకరి మోటారు సైకిలు మీద వచ్చి, ఆమె మెడనూ ఆకాశాన్నీ చెరొకసారి చూపించి వెళ్ళాడు. సాయంత్రానికి "ఆకాశం నుంచి కిరణాలు?" అని తెరమీద పడింది. చివర ప్రశ్నార్థకం ఉంటే ఏదైనా అనవచ్చునని ఈ రోజుల్లో ఒక సౌకర్యం.

దానితో అత్తగారికి గుండె జారింది. కిరణాలు తగిలిన ఒంటి పాలు పసిబిడ్డకు పట్టవచ్చునా? మాన్పించేసింది. డబ్బాపాలు బిడ్డకు సరిపడలేదు. తల్లికి రొమ్ములు గడ్డకట్టి జ్వరం. బుధవారం పొద్దున అత్తగారు మా గుమ్మంలో నిలబడింది.

"అయ్యోరా, మా కోడల్ని ఒకసారి జూడండయ్యా. బిడ్డ ఏడుస్తా ఉండాడు. ఏం జేసేదో తెలీకుండా ఉంది."

"అమ్మాయీ, వెలుగు చూసినప్పుడు మంటేమైనా పుట్టిందా?" అని అడిగాను.

"లేదయ్యోరా. ఆదివారం సాయంత్రందాకా ఏమీ లేదు. రాత్రికి మంట మొదలైంది."

"ఆ రాత్రి మిద్దెక్కి చూసినవాళ్ళెవరికైనా వచ్చిందా?"

ఎవరికీ రాలేదు. మామగారూ, మరిదీ, వీధిలో పిల్లలూ ఆరుబయటే నిలబడి చూశారు. గదిలో ఉన్న ఆమెకే వచ్చింది. నాకు అప్పుడే సగం అర్థమైంది. తక్కిన సగం ఆమె మోచెయ్యి చెప్పింది. మోచేతి మడతలో పైన ఒక చార, కింద అచ్చం అటువంటి చార. చెయ్యి మడిస్తే రెండూ ఒకదానిమీద ఒకటి కూర్చున్నాయి, తడి ముద్ర కాగితం మడిచి అద్దినట్లు. ఆకాశంలోంచి పడిన వెలుగు చేతి మడతలోకి దూరి అచ్చు గుద్దదు. తడిగా ఉన్నదేదో చర్మానికి అంటి, మడతలో రెండోవైపుకూ అంటుకోవాలి.

మంచం మీదుగా ట్యూబులైటు. కిటికీ అవతల వరి మడి. గోడమీద వెతికితే దొరికింది: చీమకంటే కాస్త పొడుగు, నలుపూ నారింజా పట్టీల పురుగు. ఇంగ్లీషువాళ్ళు దీనిని నైరోబీ ఈగ అంటారు గాని ఇది ఈగా కాదు, నైరోబీలో మాత్రమే ఉండేదీ కాదు. తడినేలల్లో, వరిచేలల్లో ఉంటుంది. వానలకు దీపాల చుట్టూ చేరుతుంది. కరవదు, కుట్టదు. మెడమీద పాకుతుంటే నిద్రలో చేత్తో రుద్దేస్తామే, అప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం చర్మాన్ని కాలుస్తుంది. ఆ కాలడం కూడా వెంటనే తెలియదు. ఒకరోజో రెండురోజులో గడిచాక పైకి తేలుతుంది. అందుకే జనానికి పురుగు గుర్తుండదు, ముందటి రాత్రి చూసిన వింత గుర్తుంటుంది. ఆ ఏడే జూలైలో సిక్కింలో ఒక ఇంజనీరింగు కాలేజీ విద్యార్థులు సుమారు వందమంది దీనివల్లనే బాధపడ్డారు.

నేను డాక్టర్ని కాను గనుక, పురుగును అగ్గిపెట్టెలో పెట్టి నెల్లూరు చర్మవైద్యుని దగ్గరకు పంపాను. ఆయన అగ్గిపెట్టె తెరవకముందే మోచెయ్యి చూసి చెప్పేశారట. సబ్బునీళ్ళతో కడగమన్నారు, పూత మందిచ్చారు, ఆ చేత్తో కళ్ళు నలుపుకోవద్దన్నారు. పాలకు ఏ దోషమూ లేదు, వెంటనే పట్టమన్నారు. ఆ సాయంత్రం గోడ అవతల బిడ్డ ఏడుపు ఆగింది. పది పన్నెండు రోజులకు పొక్కులు ఎండి నల్లటి మరక మిగిలింది. తరువాత అదీ పోయింది.

విలేకరి కుర్రవాడికి ఫోను చేసి, ఈ సంగతి కూడా వెయ్యవయ్యా అన్నాను. మర్యాదస్థుడే. "పురుగు కథ ఎవరు చూస్తారు సార్!" అని నవ్వాడు.

ట్యూబులైటును మంచం మీదనుంచి ఎదుటి గోడకు మార్పించాము. కిటికీకి జాలీ కొట్టించారు. బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నాడు. అత్తగారు మాత్రం చుట్టాలెవరైనా వస్తే, "ఆ రేత్తిరి ఆకాశంలో ఎలుగొచ్చింది, ఆ ఎలుక్కి పురుగొచ్చి మా కోడల్ని కుట్టింది" అని రెండూ కలిపే చెబుతుంది. కుట్టలేదమ్మా, చిదిమితే కాలింది అని ప్రతిసారీ గోడ ఇవతలినుంచి చెబుతూనే ఉన్నాను.